మచ్చలేని కెంపు

మా అత్త లాండ్రీలో మరకలు తీసే మనిషి. మా నాన్నకు అక్క. పెళ్లి ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "ఊళ్లోవాళ్ల నలిగిన చొక్కాలు చాల్లేదా, ఇంట్లో ఇంకొకడివి కూడానా?" అంటుంది. రోజంతా ఆవిరిలో నిలబడి, ఒక్కో బట్టనీ దీపం కిందికి లాగి, కాలరూ జేబు అంచూ వెతుకుతుంది. యజమాని ఆమెను డేగ అంటాడు. జీతం మాత్రం పిచ్చుకకిచ్చేదే.

ఆమె ఒంటిమీద గిల్టు గొలుసూ ప్లాస్టిక్ గాజులూ తప్ప నేనేమీ చూసి ఎరగను. యాభై దాటాక ఒకరోజు, "చచ్చేలోగా ఒక్కటైనా అసలుది పెట్టుకోవాలిరా" అంటూ కెంపు ఉంగరం కొనుక్కుని వచ్చింది.

పాత పుస్తకాల బండి మీద దొరికిన రాళ్ల పుస్తకం ఒకటి నేను అప్పటికే చదివి ఉన్నాను.

"ఇంత శుభ్రంగా ఉందేంటత్తా? భూమిలోంచి తీసిన కెంపులో ఏదో ఒక నలుసు ఉంటుందట."

"అందుకే కదరా ఏరుకున్నాను! దుకాణంవాడు పళ్లెం నిండా రాళ్లు పోశాడు. ఒకదాంట్లో మబ్బు, ఒకదాంట్లో గీత. అన్నీ పక్కకు నెట్టేశా. మచ్చలేనిది ఇదొక్కటే..."

చివరి మాట దగ్గర ఆగి, ఉంగరం తీసి దీపం దగ్గర పెట్టి చూసింది. కూర్చుని వాచిన పాదాలు పిసుక్కుంది.

"పద, వాడి కాలరు పట్టుకుందాం" అన్నాను.

"కాలర్లు పట్టుకోవడం నా ఉద్యోగంరా. పట్టుకున్నంత మాత్రాన మరక పోదు. అదేం మరకో ముందు తెలియాలి."

ఇంకో నగల దుకాణంలో అడుగుదామంటే అదీ వద్దంది. వాడైతే తన సరుకే మంచిదంటాడట. ఉంగరం వదులుగా ఉన్నా బిగించనివ్వలేదు. "కొన్నది కొన్నట్టే ఉండాలి. చొక్కా ఇంట్లో ఉతికేసి తెచ్చి, మరక మీరే చేశారంటే మేం ఒప్పుకుంటామా?"

రాళ్లు అమ్మకుండా, కొనకుండా, పరీక్ష మాత్రమే చేసే చోటు ఒకటి ఉంటే, సగం రోజు జీతం వదులుకుని వెళ్లింది. బెంచీ మీద కూర్చున్న కాసేపట్లోనే కునుకు తీసింది. పరీక్షించిన ఆవిడ నెమ్మదిగా చెప్పింది.

"గాజు కాదమ్మా, కెంపే. కాకపోతే మనుషులు కొలిమిలో తయారుచేసింది. లోపల గీతలు వంపు తిరిగి ఉన్నాయి. భూమిలో పెరిగిన రాయిలో అలా ఉండవు. చూస్తారా?"

అత్త మైక్రోస్కోపులో చాలాసేపు చూసింది. "ఇంత సన్నటిది నా కంటికి ఆనలేదు" అంది, తప్పు తనదే అన్నట్టు.

దుకాణంవాడు పరీక్ష కాగితం చదివి నవ్వాడు. "మీరే కదమ్మా ఏరుకున్నారు?"

"ఏరుకున్నది నేనే. పళ్లెంలో ఉన్నవన్నీ భూమిలోంచి తీసినవేనన్నది నువ్వు. రసీదులో రాసిందీ నువ్వే."

ఆమె గొంతు పెంచలేదు. అరిచే ఓపిక లేదంతే. పక్కన వేరే కొనుగోలుదారులు ఉన్నారు. వాడి నవ్వు ఆగిపోయింది. డబ్బు వెనక్కిస్తానన్నాడు, లేదంటే తన ఖర్చుతో ఆ పరీక్ష చేసిన చోటే చూపించి వేరే రాయి పొదిగిస్తానన్నాడు.

"డబ్బు తీసుకో అత్తా. ఈ దొంగతో మళ్లీ బేరమెందుకు?"

"డబ్బయితే అద్దెలోకి పోతుందిరా. నాకు రాయి కావాలి."

మళ్లీ పళ్లెం వచ్చింది. ఆమె వేళ్లు మబ్బున్నవాటినీ గీతలున్నవాటినీ పక్కకు తోసి, నిగనిగలాడేదాని దగ్గర ఆగాయి. చెయ్యి వెనక్కి లాక్కుంది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అదే జరిగింది.

"నువ్వు తియ్యరా. నా చెయ్యి వినడం లేదు."

నేను లోపల మబ్బున్న చిన్న రాయి తీశాను. పరీక్షలో అది అసలుదేనని తేలింది. ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. సంతోషించినట్టు కనిపించలేదు. సాయంత్రం షిఫ్టుకు ఆలస్యమవుతోందంది.

ఇప్పుడు లాండ్రీకి వెళ్తే, ఒక చొక్కాకూ ఇంకో చొక్కాకూ మధ్య, తడిగుడ్డ కొసతో ఆ ఉంగరాన్ని రుద్దుతూ కనిపిస్తుంది.

"అది పోయేది కాదత్తా."

"తెలుసురా" అంటుంది. ఇంకోసారి రుద్ది, తర్వాతి చొక్కా లాక్కుంటుంది.