పటం వెనక కిటికీ

పెద్దారవీడు ఊరి ఏబేలు తాపీమేస్త్రీ. గోడ కట్టడమంటే గాలికి దారి చూపడమని అతని నమ్మకం. తెల్లదొరల ఏలుబడిలో, పలకల గనులతో పైకొచ్చిన చెన్నకేశవులు మార్కాపురంలో మేడ కట్టించేదాకా, తన చేతి గోడను అతడు ఎన్నడూ అసహ్యించుకోలేదు.

ఆ మేడ మనుషుల కోసం మొదలు కాలేదు. చెన్నకేశవులు మద్రాసు వేలంపాటల్లో పటాలు కొనేవాడు. బంగారు రేకు తాపిన తంజావూరు దేవుళ్ళు, అద్దం మీద రాసిన రాణులు, ఎవరో దొరసాని నూనెరంగుల బొమ్మ. గడ్డిలో చుట్టిన పెట్టెలు రైలు దిగి బండెక్కి వచ్చేవి. పటం కొలతకు గోడ లేచేది. ఎండ పడితే రంగు వెలుస్తుందని కిటికీలు ఒక్కొక్కటే పోయాయి. వార్నీషు కంపుకు ఏబేలుకు సంగటి ముద్ద గొంతు దిగేది కాదు.

చివరికి చెన్నకేశవులు తల్లి గురవమ్మ గది మిగిలింది. బీద రోజుల్లో పలకలు చీల్చి కొడుకును పెంచిన మనిషి. ఆ దుమ్ము రొమ్ములో పేరుకుని, ఊపిరి తీసినప్పుడల్లా ఈలలా మోగేది. నల్లమల వైపు ఒక్క కిటికీ ఆమెకు కావాలి.

"ఆ గోడ దశావతారాల పటానికిరా. మూసెయ్," అన్నాడు చెన్నకేశవులు వక్కాకు నములుతూ.

"అయ్యా, అవ్వకు ఊపిరాడదు."

"అవ్వ ఎన్నాళ్ళుంటాది? పటం తరతరాలుంటాది."

వక్కాకు ఎరుపు అతని పెదవి మూల నుంచి కారింది. ఏబేలు మొహం తిప్పుకున్నాడు.

ఆ మాట గురవమ్మ విన్నది. మరునాడు కొడుకు గనికి పోగానే వచ్చింది.

"ఏబేలూ, కిటికీ చట్రం నిలబెట్టు నాయనా. మిగతాది నేను చూసుకుంటా."

నిలబెట్టాడు. ఆమె వగరుస్తూ దానికి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, టెంకాయ కొట్టింది. పూజ చేసిన చట్రాన్ని పీకితే వంశానికి కీడని ఆ ఇంటి పట్టింపు. ఏబేలు చర్చికి పోయేవాడైనా ఆ పసుపు చూసి మురిసిపోయాడు.

"ఇంగ నీ కొడుకు తాతొచ్చినా పీకలేడవ్వా."

"వాళ్ళ తాతంటే నా మామేరా. ఆయనా ఇట్లాంటోడే."

సాయంత్రం చెన్నకేశవులు చూశాడు. కోప్పడలేదు. చట్రాన్ని ముట్టనే లేదు. దానికి అటూ ఇటూ గోడలో మేకులు కొట్టించి, పైన పటం తగిలించాడు.

"పూజకు పూజ, పటానికి పటం. ఇంగ కీడేముంది?" అని చేతులు దులుపుకున్నాడు.

గృహప్రవేశం నాడు ఊరి పెద్దలు పటాల ముందు నోళ్ళు తెరిచి నిలబడ్డారు. మేస్త్రీకి పెట్టే జరీ అంచు పంచె ఏబేలు చేతిలో పడింది. లోపల అగరువత్తులు, వార్నీషు, జనం చెమట కలిసి, మూతపడిన నోటి వాసనలా ఉంది. అతడు పెరట్లోకి వచ్చాడు. పలకలు చీల్చే పాత కొట్టంలో, ఏటవాలుగా పడే ఎండలో, గురవమ్మ నులకమంచం మీద కూర్చుని ఉంది.

"లోపల ఉండలేదేందవ్వా?"

"ఊపిరాడాల గదరా. నా కిటికీలో దేవుళ్ళ వీపులకు మాత్రం గాలి బాగా తగుల్తా ఉండాది."

నవ్వబోయి దగ్గింది. ఏబేలు మేడ వైపు తిరిగి కాండ్రించి ఉమ్మేశాడు. పంచె మడత విప్పి, ఎండ పడే వైపు కొట్టం వాసానికి కట్టాడు.

"ఏందిరా ఆ పంచె? పెద్దమనుషులు చూస్తాండారు!" చెన్నకేశవులు వసారాలోంచి అరిచాడు.

"అవ్వకు గోడయ్యా. దీనికి మేకు దిగదు."

తర్వాత మార్కాపురంలో మేడ పనికి అతన్ని ఎవరూ పిలవలేదు. పిలిచినా పోయేవాడు కాదు. ఆ మధ్యాహ్నం కొండగాలికి పంచె ఉబ్బుతూ, తగ్గుతూ ఉంది. దాని వెనక ఈల సన్నగిల్లి, గురవమ్మ కునుకు తీసింది.