ఇంటింటి అక్షింతలు

అక్కయ్యగారు పోయారని పోయిన నెలలో వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "ఆంటీ, అమ్మ పోయింది. హాస్పిటల్‌లోనే, నిద్రలో" అంది. నీకెవరు చెప్పారని అడిగాను. నర్సు చెప్పిందట. తండ్రి డాక్టరు, ఆ సమయంలో మంచం పక్కనే ఉన్నారు. కూతురికి ఒక్క ఫోన్ చెయ్యడానికి ఆయనకు చెయ్యి రాలేదు.

ఫ్యూనరల్ హోమ్‌కి న్యూజెర్సీలోని మనవాళ్ళు చాలామంది వచ్చారు. డాక్టరుగారు ముందు వరసలో కూర్చున్నారు. కూతురూ అల్లుడూ వెనక గోడ దగ్గర నిలబడ్డారు. మేమంతా మధ్యలో ఉన్నాం. ఆ తండ్రీకూతుళ్ళని ఒకచోటికి చేర్చాలని జీవితమంతా పాకులాడిన మనిషి ఇక లేదని అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు.

ఆవిడ నాకు వరసకి ఏమీ కారు. డెబ్బైల చివర్లో పెళ్ళి చేసుకుని న్యూజెర్సీలోని పిస్కాటవే ఊరికి వచ్చిన కొత్తలో, మంచులో చెప్పులేసుకుని లాండ్రీకి వెళుతున్న నన్ను చూసి చెయ్యి పట్టుకుని వాళ్ళింటికి లాక్కెళ్ళారు. డాక్టరుగారి ఉన్ని మేజోళ్ళు తొడిగించి, చారన్నం కలిపి పెట్టారు. అమ్మ గుర్తొచ్చి నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ముందు తిను అమ్మాయ్, తర్వాత తీరిగ్గా ఏడుద్దువుగాని" అన్నారు. ఆ మాట తర్వాత ఎందరికో చెప్పడం విన్నాను. ఆవిడకి డ్రైవింగ్ రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా ఎవరింట్లో పురుడొచ్చినా, జ్వరమొచ్చినా ఎవరో ఒకరి కార్లో ఆవిడ కారియర్ వచ్చేసేది. ఎవరికైనా బొట్టు పెట్టేటప్పుడు, వాళ్ళెంత పెద్దవాళ్ళయినా సరే, చంటిపిల్లకి పెట్టినట్టు గడ్డం పట్టుకుని పెట్టేవారు.

వాళ్ళమ్మాయి కాలేజీలో తనతో చదివే అమెరికన్ కుర్రాణ్ణి చేసుకుంటానంది. డాక్టరుగారు కేకలు వెయ్యలేదు. వేసి ఉంటే బాగుండేది. ఓ ఆదివారం నన్నూ మావారినీ పిలిచి, ఒక హోటల్ బ్రోషర్ బల్ల మీద పెట్టారు. కాన్ఫరెన్స్ కోసం ఒకసారి బార్బడోస్ దీవికి వెళ్ళొచ్చారాయన.

"పెళ్ళి ఇక్కడ. మనవాళ్ళ కంట పడడానికి వీల్లేదు. ఎవరికీ ఇన్విటేషన్ లేదు, ఎవరికీ చెప్పేది లేదు. అలాగైతేనే నేనొచ్చి పీటల మీద కూర్చుంటా" అన్నారు.

మావారు వాళ్ళ నాన్నగారి దగ్గర పెళ్ళి మంత్రాలు నేర్చుకున్నారు కాబట్టి మాకు మినహాయింపు దొరికింది. దీవులకెళ్ళి పెళ్ళి చేసుకోవాలని సరదాపడేవాళ్ళు ఉంటారు. ఈయన మాత్రం కూతురి పెళ్ళిని దాచిపెట్టడానికి సముద్రం అవతల చోటు వెతుక్కున్నారు. అక్కయ్యగారు వెంటనే ఒప్పుకున్నారు. తండ్రి పీటల మీద కూర్చోవాలి, ఆవిడకి కావలసింది అదొక్కటే.

ఏర్పాట్లన్నీ మా వంటింటి ఫోన్‌లో జరిగాయి. హోటలామె ఇంగ్లీషుకీ అక్కయ్యగారి తెలుగుకీ మధ్య నేను. ఆమె డ్రమ్ముల బ్యాండ్ పెట్టిస్తానంటుంది, మూడంతస్తుల కేకు అంటుంది. "కేకు సరే, అగ్గి రాజెయ్యనిస్తారో లేదో అడుగు" అని ఈవిడ. బీచ్‌లో బార్బెక్యూ పళ్ళెం ఇస్తామన్నారు.

"మాంసం కాల్చిన దాంట్లోనా! కొత్తది కొనమని చెప్పు. బాగా పెద్దది" అన్నారు. ఆ పూట ఇద్దరం పడీపడీ నవ్వాం.

ప్రయాణం దగ్గర పడ్డాక ఒక శనివారం ఆవిడ పట్టుచీర కట్టుకుని, కుంకుమభరిణ పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు.

"కారు తియ్యి అమ్మాయ్. పిలుపులకి వెళ్ళాలి."

"డాక్టరుగారు వద్దన్నారు కదండీ?"

"నేనెవర్నీ రమ్మనను. దీవించమంటాను. దీవెనల్లేకుండా పిల్లని పంపిస్తానా?"

ఎడిసన్, ఐసెలిన్, మా అపార్ట్‌మెంట్లు, తెలిసిన ఇల్లు ఒక్కటీ వదల్లేదు. గడ్డం పట్టుకుని బొట్టు పెట్టడం, "అమ్మాయి పెళ్ళి. దూరం, మీరు రాలేరు. ఇక్కణ్ణించే అక్షింతలిచ్చి పంపండి" అనడం. ఒకావిడ మూతి ఒకలా పెట్టి, "తెల్లవాడటగా?" అంది. "అవునమ్మా, బాగా పొడుగు కూడాను" అన్నారు అక్కయ్యగారు. ఆవిడా లోపలికెళ్ళి బియ్యానికి పసుపు కలిపి తెచ్చింది. కొందరు ఫాయిల్‌లో చుట్టారు, కొందరు ప్లాస్టిక్ సంచుల్లో పోశారు, ఒక పెద్దావిడ తన జేబురుమాల్లో మూటకట్టింది. ఇంటికొస్తూ దారంతా వాటిని ఒళ్ళోంచి దించలేదావిడ.

బార్బడోస్ ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ ఆఫీసరు సూట్‌కేస్ తెరవమన్నాడు. పట్టుచీరల కిందనుంచి పొట్లాలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు. ఇవేమిటని మర్యాదగానే అడిగాడు. అక్కయ్యగారు భర్త వైపు చూశారు.

"ఏమిటే ఇవన్నీ?" అన్నారు డాక్టరుగారు.

ఆవిడ అబద్ధం ఆడొచ్చు. వంటబియ్యం అంటే సరిపోయేది. "మనవాళ్ళ అక్షింతలండీ. ఇంటింటికీ వెళ్ళి తెచ్చాను. అదే చెప్పండి ఆయనకి, పిల్లని దీవించి ఇచ్చారని చెప్పండి" అన్నారు.

డాక్టరుగారు ఆఫీసరు వైపు తిరిగారు.

"జస్ట్ రైస్. త్రో ఇట్ అవే" అన్నారు.

ఆవిడకి ఆపాటి ఇంగ్లీషు వచ్చు. పొట్లాలన్నీ చెత్తబుట్టలో పడి, చివరికి ఆ జేబురుమాలు మూట కూడా పడ్డాక, సూట్‌కేస్ మూసి తాళం వేసుకున్నారు. హోటల్లో డాక్టరుగారు అందరి ముందే, "మాట తప్పింది నువ్వు. నేను పీటల మీద కూర్చోను" అని గది తాళంచెవి తీసుకుని పైకి వెళ్ళిపోయారు. ఆ మనిషి మీద నాకు అప్పుడు కలిగిన కోపం ఇప్పటికీ తగ్గలేదు, తగ్గించుకోవాలనీ లేదు.

మర్నాడు పొద్దున బీచ్‌లో పందిరి కింద అన్నీ సిద్ధం చేశాం. కొత్త బార్బెక్యూ పళ్ళెంలో అగ్ని, హోటల్ తోటలోని మామిడాకులు, పీటలకు బదులు పొట్టి బల్లలు. పెళ్ళికొడుకు తల్లిదండ్రులు ఏం జరుగుతోందో తెలియక కొత్త బట్టల్లో చెమటలు కక్కుతున్నారు. కన్యాదానం ఘడియ వచ్చింది.

"ఆయన చోట దర్భ వేస్తే సరిపోతుంది అక్కయ్యగారూ" అన్నారు మావారు మెల్లగా.

"వద్దు, ఖాళీగానే ఉండనీ. వస్తే ఎక్కడ కూర్చుంటారు?"

ఆవిడ తల ఎత్తి హోటల్ వైపు చూశారు. మేమూ చూశాం. మూడో అంతస్తు బాల్కనీలో డాక్టరుగారు నిలబడి ఉన్నారు, పట్టుపంచె కట్టుకుని, ఉత్తరీయం వేసుకుని.

"పంచె కట్టుకున్నారు. వస్తారు" అన్నారు అక్కయ్యగారు.

ముహూర్తం దాటింది. మావారు చదివిన మంత్రాలే మళ్ళీ చదివారు. డాక్టరుగారు కాసేపు రెయిలింగ్ పట్టుకుని నిలబడి, వెనక్కి తిరిగి గదిలోకి వెళ్ళారు. మెట్లు దిగుతున్నారనుకుని మేమంతా హోటల్ గుమ్మం వైపు చూశాం. ఎవరూ రాలేదు. పైన కర్టెన్ మూసుకుంది.

"డాడీ రాడు అమ్మా. ఇట్స్ ఓకే. నువ్వు నీళ్ళు పొయ్యి" అంది పెళ్ళికూతురు.

అక్కయ్యగారు చెంబు ఎత్తి ధార వదిలారు. చూపు మాత్రం ఆ కిటికీ మీదే ఉంది. నీళ్ళు కూతురి దోసిలి తప్పి ఇసకలో పడుతున్నాయి. పెళ్ళికూతురు ఆవిడ ముంజేయి పట్టుకుని, ఆ ధారను తన చేతుల మీదికి జరుపుకుంది.