తిరిగి చెప్పిన అంకెలు

పాత హామ్ రేడియో వైర్‌లెస్ సెట్టు బదులు చేతిలో ఇమిడే కొత్తది కొన్న వారం, ఖరగ్‌పూర్ స్టేషన్ వెయిటింగ్ రూములో కూర్చుని దాని మెమరీలోకి ఛానెళ్లు ఎక్కిస్తున్నాను. ఛానెళ్ల నంబర్లు రాసుకున్న నా నోట్‌బుక్‌లో తెలుగు చూసి పక్కనున్న పెద్దాయన, "ఇలాగియ్యమ్మా, నాను సదువుతాను, నువ్వు నొక్కు," అన్నారు. రైల్వే కంట్రోల్ ఆఫీసులో, ఫోన్లో స్టేషన్లకి నంబర్లు చెప్పి తిరిగి చెప్పించుకునే పని చేసి రిటైరయ్యారట.

ఒక్కో నంబరూ చదివి, నేను తెర మీద చూసి తిరిగి చెప్పేదాకా తర్వాతిదానికి వెళ్లరు. మొదట చిరాకేసింది. అలా చెబుతుంటేనే రెండు చోట్ల తప్పు నొక్కానని తెలిసింది.

ఆఖరి నంబరు చదివేసరికి ఆయన బండి వచ్చేసింది. సంచీ తగిలించుకుని కూడా గుమ్మంలో ఆగారు.

"తిరిగి సెప్పమ్మా."

చెప్పాను. "ఠీక్ హై," అని వెళ్లిపోయారు.

ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నా, ఇప్పటికీ కొత్త ఛానెల్ సేవ్ చేసే ముందు అంకెలు పైకి చదివి, ఒక్క క్షణం ఆగుతాను.