"నువ్వు గాడిదవు, మేమే వస్తాం"

2023. శాసనసభ ఎన్నికల ముందు రోజులు. ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదుటి వరుసలో నాది ఫోన్లు బాగుచేసే చిన్న కొట్టు. ఆడమనిషి ఫోన్ విప్పుతుందా అని మొదట్లో తొంగిచూసి వెళ్లిపోయినవాళ్లే ఇప్పుడు "సునీతక్కా, జర చూడు" అంటూ వస్తున్నారు. నీళ్లలో పడ్డ ఫోన్లు, ట్రాక్టర్ టైరు కింద నలిగినవి, పప్పుతో పాటు కుక్కర్లో ఉడికినది కూడా చూశాను. కానీ నన్ను ఏడిపించినది ఒక్క ఫోనే.

మా పదో తరగతి వాళ్ల గ్రూపుకు నేను అడ్మిన్‌ని, అంటే ఎవరిని చేర్చాలో ఎవరిని తీసేయాలో నా చేతిలో ఉంటుంది. "ఫోన్లే బాగుచేస్తవ్, గ్రూపు నడపలేవా?" అని అందరూ కలిసి నాకు అంటగట్టారు. నలభై మందిమి. పెళ్లిళ్లు, పిల్లల ఫలితాలు, రక్తం కావాలన్న కబుర్లతో నడిచేది. ఎన్నికలు దగ్గరపడ్డాక యాదయ్య, మల్లేశ్ తగులుకున్నారు. యాదయ్యది మంచాల, సేద్యం. మల్లేశ్ ఇక్కడే ఉంటూ కారు నడుపుతాడు. చెరో పార్టీ. పొద్దున ఒకడు మొదలుపెడితే రెండోవాడు ఊరుకోడు. నిజం చెప్పాలంటే నేనెప్పుడూ ఆపలేదు. వాళ్ల కొట్లాట చూడడానికే సగం మందిమి గ్రూపు తెరిచేవాళ్లం.

అంత కొట్లాడుకున్నా మంగళవారం, శుక్రవారం మల్లేశ్ కారు యాదయ్య సందు మూల మీద ఆగేది; పైపుల కోసం తవ్విన గుంతలతో లోపలికి పోయే దారి లేదు. యాదయ్య భార్య పద్మకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు హైదరాబాద్‌లో డయాలసిస్, అంటే మిషన్ మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. మల్లేశ్ తన బేరాలను ఆ సమయానికి తగ్గట్టు సర్దుకుని వాళ్లను తీసుకెళ్లేవాడు.

ఆ వారం యాదయ్య ఫోన్ బండి మీంచి పడింది. తెర పై సగం నల్లబడింది. ఆ రకం తెర నా దగ్గర లేదు, తెప్పించాలి.

"అప్పటిదాంక ఎట్ల మరి? రాసుడు నాకు సక్కగ రాదాయె" అన్నాడు.

"కింది సగం పనిజేస్తుంది గద. మైక్ గుర్తు ఒత్తి మాట్లాడు, పోతది" అన్నాను. అతని వెనక ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు. తొందరలో ఉన్నాను.

శుక్రవారం పొద్దున గ్రూపులో యాదయ్య పేరుతో ఒక వాక్యం వచ్చింది: "మల్లేశా నువ్వు గాడిదవు మేమే వస్తాం."

పకపకా నవ్వాను. గెలిచేది మేమే అని ఇంతకన్నా సూటిగా ఎవడంటాడు అనుకున్నాను. దాని కింద చూస్తుండగానే పదిహేడు నవ్వు బొమ్మలు పడ్డాయి. అందులో ఒకటి నాది. మల్లేశ్ గ్రూపు నుంచి వెళ్లిపోయాడు. సాయంత్రానికి తిరిగొస్తాడులే అని నా పనిలో పడ్డాను.

ఆదివారం యాదయ్య వచ్చాడు. మాసిన గడ్డం, నిద్రలేని కళ్లు. ఫోన్ బల్ల మీద పెట్టి, "పద్మ దవాఖానల ఉంది" అన్నాడు.

"శుక్రారం మల్లేశ్ రాలే. మూల మీద రెండు గంటలు నిలబడ్డం. ఫోన్ జేస్తె కలుస్తలేదు. బస్సుల పొయ్యేసరికి ఆమె టైం అయిపోయింది, మిషన్ మీద ఇంకొకరున్నరు. శనారం పొద్దున ఊపిరాడలే. అంబులెన్సుల తీస్కపోయిన. గండం తప్పిందన్నరు." కొంచెం ఆగి, "ఓట్ల కోసం నా పెండ్లాన్ని మూల మీద ఇడిసిపెట్టిండు, సునీతా" అన్నాడు.

"నలుగుట్ల గాడిద అన్నంక ఎట్లొస్తడు?"

"ఎవ్వలు అన్నరు? నేనా?"

అప్పటికే తెప్పించి పెట్టిన కొత్త తెర బిగించి, ఆ వాక్యం తీసి చూపించాను. పైకి చదివాడు. మళ్లీ చదివాడు.

"నేనన్నది గిది గాదు! పోయినసారి పద్మను పట్టుకునేతందుకు దిగి, గా పైపుల గుంతల కాలు బెణికిచ్చుకున్నడు. అందుకే, నువ్వు గాడ దిగకు, మేమే వస్తం అన్న. గాడ దిగకు అన్న!"

గాడ అంటే మా వైపు "అక్కడ". నమ్మలేక, మళ్లీ ఒకసారి ఫోన్‌తో అనమన్నాను. ఒక్కో మాట ఒత్తి పలికాడు. తెర మీద "నువ్వు గాడిదవు మేమే వస్తాం" అని పడింది. ఇంకోసారి అన్నాడు. మళ్లీ అదే. యాదయ్య కుర్చీలో కూలబడ్డాడు.

ఫోన్‌లో మైక్ గుర్తులు రెండుంటాయి. కింద మూలన ఉన్నది ఒత్తితే మన గొంతే అవతలికి వెళుతుంది. అక్షరాల పైవరుసలో ఉన్నది వాయిస్ టైపింగ్, అంటే మనం అన్నదాన్ని ఫోన్ తనకు తెలిసిన మాటల్లో రాస్తుంది. దానికి మా గాడ తెలియదు, గాడిద తెలుసు. ఏ మైక్ ఒత్తాలో నేను యాదయ్యకు చెప్పలేదు. తెర పై సగం నల్లగా ఉండటంతో, ఫోన్ ఏం రాసిందో, తెరిచి ఉన్నది మల్లేశ్ పేరు కాదు గ్రూపు అన్న సంగతి కూడా అతనికి కనబడలేదు.

మల్లేశ్‌కు నా ఫోన్ నుంచి చేసి రమ్మన్నాను. యాదయ్యను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "యాదయ్యా, ఇంకోసారి అను" అన్నాను. అన్నాడు. ఫోన్ రాసింది. మల్లేశ్ నోరు తెరిచి ఆ తెరను, యాదయ్యను మార్చి మార్చి చూశాడు.

"మేమే వస్తం అంటె వేరే బండి మాట్లాడుకున్నవనుకున్న. కోపంల నీ నంబర్ బందు వెట్టిన. మరి వదినె ఎట్ల పోయింది?"

చెప్పాం. రెండు చేతులతో నెత్తి పట్టుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"వాడు తిడితె తిట్టిండు. బడి కాడికెల్లి తిడుతనే ఉన్నడు, నేను తిట్టలేదా? నీ నవ్వు జూసి పోయిన సునీతా. నువ్వు అడ్మినువు. ఒక్క ఫోనన్న జేసి ఏమైందని అడుగుతవనుకున్న. పొద్దంత సూసిన."

ఇద్దరూ ఆ కారులోనే ఆసుపత్రికి వెళ్లారు. వాళ్లు వెళ్లాక ఆ వాక్యం తెరిచి నా నవ్వు బొమ్మ తీసేశాను. ఒక్కసారి తాకితే పోయింది. అప్పుడు ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు రెండు మైకులూ చూపించకుండా ఎవరికీ ఫోన్ తిరిగివ్వను. గ్రూపులో రాజకీయాలు ఆపలేదు, కానీ కొట్లాడాలంటే సొంత గొంతుతో కొట్లాడాలి. తిట్టు కనబడితే బొమ్మ పెట్టే ముందు ఆ మనిషికి ఫోన్ చేసి అడగాలి. గొణిగేవాళ్లు గొణుగుతూనే ఉన్నారు. గ్రూపులో అంతమందిమి ఆ వాక్యం చదివాం. యాదయ్య నిజంగా అలా అంటాడా అన్న అనుమానం ఒక్కరికి కూడా రాలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఉలిక్కిపడతాను.

మొన్న పద్మ ఛార్జర్ కోసం వచ్చింది. కారు బయటే ఉంది. అందులో యాదయ్య, మల్లేశ్ ఎవరి నాయకుడు ఏం చేశాడో గట్టిగట్టిగా అరుచుకుంటున్నారు. "దవాఖాన దాంక ఇదే లొల్లా?" అన్నాను.

"ఉండనియ్ అక్కా" అంది పద్మ. "గా శుక్రారం మూల మీద నిలబడ్డప్పుడు ఏ సప్పుడు లేకుండె. గదే మస్తు భయమైంది."