గిన్నె ఉండే చోటు

మా అత్తగారిని ముఖో రేవులో అందరూ పుట్టిన ఊరి పేరుతో జాంగ్‌హో ఆవిడ అనేవారు. గన్నాన్ అనే అసలు పేరు నేను చూసింది ఆసుపత్రి కాగితం మీదే. నలభై ఏళ్ళు రేవులో చేపలు కోసింది. కుడిచేతి రెండు వేళ్ళు వంగవు. ఎవరినైనా మెచ్చుకోగా నేను వినలేదు.

మాకున్నది ఒకటే గది. నేల కింద రాతి పలకలు, వాటి కింద పొగ వెళ్ళే దారి. వంటింటి పొయ్యిలో బొగ్గు దిమ్మ వెలిగిస్తే ఆ వేడి పలకల కిందుగా పాకి నేలను వెచ్చబెడుతుంది. పొయ్యి పక్క మూల కాలిపోతుంది, అవతలి గోడ దగ్గర, గుమ్మం పక్కన, కాళ్ళు కొంకర్లు పోతాయి. మా కొరియా ఇళ్ళలో ఆ వెచ్చటి మూల పెద్దవాళ్ళది. మా ఇంట్లో మాత్రం అది ఒక ఇత్తడి గిన్నెది.

గిన్నె నా మొగుడిది. పేరు సంగ్‌థే. పదకొండేళ్ళ కిందట చేపల పడవెక్కి వెళ్ళాడు. పడవ రాలేదు, చెక్క ముక్క కూడా దొరకలేదు. ఇంటికి రావలసిన మనిషి అన్నాన్ని దుప్పట్లో చుట్టి వెచ్చటి మూల దాచడం ఎవరైనా చేసే పనే. అత్తగారు దాన్ని రోజూ చేసింది. మొదటి గరిటె ఆ గిన్నెలోకే. మర్నాడు పొద్దున ఆ చద్దన్నంలో నీళ్ళు పోసుకుని తానే తినేది. ఆ పడవలో పోయిన మిగతావాళ్ళ ఇళ్ళలో ఏడాదికే చావు దినాలు పెట్టుకున్నారు. ఆవిడ పెట్టనివ్వలేదు. నా కూతురు మిరాన్ నాలుగేళ్ళప్పుడు ఆటగా అన్నంలో చెంచా నిలువునా గుచ్చితే చేతి మీద ఒక్కటిచ్చింది.

"చచ్చినోళ్ళకే అలా గుచ్చేది. తియ్యి."

నాకప్పుడు ఇరవై తొమ్మిది. భార్యనీ కాదు, విధవనీ కాదు. ఆ గిన్నెను చూస్తే నాకు ఒళ్ళు మండేది.

పోయిన చలికాలం మిరాన్‌కి జ్వరం వచ్చింది. అత్తగారు మొట్టమొదటిసారి గిన్నెను పక్కకి జరిపి పిల్లను ఆ మూల పడుకోబెట్టింది. తెల్లారి లేపితే పిల్ల లేవలేదు. బొగ్గు పొగ పట్టింది. వాకిట్లోకి ఈడ్చుకొచ్చాం, పొగకి విరుగుడంటారని నోట్లో ముల్లంగి పచ్చడి నీళ్ళు పోశాం, ఆసుపత్రికి మోసుకెళ్ళాం. బతికింది. కానీ కుడిచెయ్యి వణుకుతుంది, పెన్సిలు నిలవదు. పన్నెండేళ్ళ పిల్ల.

వేసవి రాగానే కూ మేస్త్రీని పిలిచాను. పలకలు పీకేసి నేలలో వేడినీళ్ళ గొట్టాలు వేస్తాడు. పొయ్యి పెరట్లోకి పోతుంది, పొగ గదిలోకి రాదు.

"రాగి అయితే మనవల దాకా మన్నుద్దమ్మా. ప్లాస్టిక్‌కైతే నేల లోపల అతుకుండదు."

"అతుకు లేనిదే వెయ్యండి."

అత్తగారు గుమ్మంలో అడ్డంగా కూచుంది. "నేల కింద నీళ్ళు పారించుకుంటావా? సముద్రం చాల్లేదుటే నీకు?"

మేస్త్రీయే సర్దిచెప్పాడు.

"పిన్నిగారూ, గొట్టాలు దగ్గరదగ్గరగా వేస్తే మీ మూల మీకు వెచ్చగానే ఉంటది."

"మాటేనా?"

"మాటే."

అప్పుడు లేచింది.

మర్నాడు గడ్డపారతో పలకలు పెకలించారు. మూలలోని పలక అడ్డంగా చీలి ఉంది, చీలిక పొడుగునా మసి. అత్తగారు దాని మీద అరచెయ్యి ఆనించింది.

"నేనే పడుకోబెట్టాను దాన్ని," అంది.

కాదని అనవలసింది నేను. అనలేదు. పైగా పెరట్లోకి వెళ్ళి మేస్త్రీతో, "గొట్టాలు గదంతా ఒకే ఎడంగా వెయ్యండి. ఏ మూలా ఎక్కువ వద్దు," అన్నాను.

"పెద్దావిడకి మాటిచ్చానమ్మా."

"ఆ మూల ఉన్నన్నాళ్ళూ నేనా గిన్నెకి కాపలాదాన్నే మేస్త్రీ. నా ఉసురు తగలకుండా చూసుకోండి."

ఆయన తలొంచుకుని నేను చెప్పినట్టే వేశాడు.

సిమెంటు ఆరింది. పైన నేలకి వేసే మందపాటి కాగితం అంటించి నూనె పట్టించాం. చలి మొదలయ్యాక పెరట్లో పొయ్యి రాజేసిన రోజు మధ్యాహ్నం, అత్తగారు ఒక చేత్తో గిన్నె పట్టుకుని, రెండో అరచేత్తో నేల తడుముతూ మోకాళ్ళ మీద పాకింది. మూల చూసింది, నడిమధ్య చూసింది, అవతలి గోడ దాకా వెళ్ళింది. మళ్ళీ మూలకి వచ్చింది. చూస్తుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

"మేస్త్రీ మర్చిపోయాడా?" అంది నావైపు తిరక్కుండా.

"లేదత్తయ్యా. నేనే వద్దన్నాను."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆవిడ లేచి చిన్న బల్ల తెచ్చి గోడ వారగా వేసింది. గిన్నె మూత తీసి దాని మీద పెట్టింది.

"మిరాన్, ఇలా రా. మీ నాన్నకి దణ్ణం పెట్టు. వాడు పోయిన రోజేదో తెలీదు కదా, ఈ రోజే అనుకుందాం."

వంగని వేళ్ళతో చెంచా పట్టుకుని అన్నంలో నిలువునా గుచ్చింది.

పదకొండేళ్ళుగా నేను కోరుకున్నది అదే. అయినా ఆ చెంచా అలా నిలబడగానే గుమ్మం పక్కనే కూలబడ్డాను. ఎప్పుడూ చల్లగా ఉండే ఆ చోట కూడా నేల వెచ్చగా ఉంది.