ఎవాంజలిన్ దాచిన మాట

ఎవాంజలిన్ ఏం ఉద్యోగం చేస్తోందని ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలోని ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఎవరైనా అడిగితే, వాళ్ళమ్మ సూసన్న "కంప్యూటర్ పని" అని ఊరుకునేది. అంతకంటే ఆవిడకీ తెలియదు. ఫిట్టర్ అంటే మా వాళ్ళకు తెలుస్తుంది, గార్డు అంటే తెలుస్తుంది. ఫోన్లో వచ్చే ప్రకటనల కింద జనం రాసే కామెంట్లు చూసి, కంపెనీకి గిట్టనివాటిని కనపడకుండా చేయడం కూడా ఒక ఉద్యోగమేనని రైల్వే కాలనీలో ఎవరికి చెప్పి నమ్మించాలి?

ఆఫీసు గోల్ బజార్లో ఒక చెప్పుల దుకాణం మీద ఉంది. తెలుగు, హిందీ, బెంగాలీ మూడూ వచ్చిన పిల్లలు ఖరగ్‌పూర్‌లో దొరికినట్టు ఇంకెక్కడా దొరకరని అక్కడ పెట్టారు. ఎవాంజలిన్‌కు తెలుగు చదవడం సండే స్కూల్లో వచ్చింది. కీర్తనల పుస్తకం పట్టుకుని నేర్చుకున్న ఆ చదువుతో ఇప్పుడు జుట్టు నూనెల కింద జనం పెట్టే శాపనార్థాలు చదువుతోంది.

పని కష్టమేమీ కాదు. పొగడ్తలు ఉంచాలి. ధర అడిగినవాళ్ళకు ఇన్‌బాక్స్ చూడమని చెప్పాలి. బూతులూ ఫిర్యాదులూ హైడ్ చేయాలి. బూతుకూ ఫిర్యాదుకూ తేడా లేదా అని చేరిన కొత్తలో అడిగింది. "జీతమిచ్చేవోడికి రెండూ ఒకటే దీదీ" అన్నాడు శామ్. శామ్ ట్రాఫిక్ అనే పేటలో ఉండే కుర్రాడు, ఆమెకంటే చిన్నవాడు, షిఫ్టుకు ఇన్‌ఛార్జి.

ఇందులో ఒక కిటుకు ఉంది. హైడ్ చేసిన కామెంటు రాసినవాళ్ళ ఫోన్లోనూ, వాళ్ళ ఫ్రెండ్స్ ఫోన్లలోనూ ఎప్పటిలాగే కనపడుతుంది. మిగతా లోకానికి మాత్రం కనపడదు. తీసేస్తే మనిషి తిరగబడతాడు. దాచేస్తే, చెప్పవలసింది చెప్పేశాననుకుని నెమ్మదిగా పడుకుంటాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు గానీ, ఇక్కడ ఎదుటివాడు చెవిటివాడన్న సంగతి కూడా ఊదేవాడికి తెలియదు. ఈ తెలివి ఎవరిదో గానీ వాళ్ళకు దండం పెట్టాలి.

మొదట్లో ఎవాంజలిన్ ఏడ్చేది. ముఖానికి క్రీము రాసుకుని పెళ్ళిచూపుల ముందు చర్మం కాల్చుకున్న పిల్ల ఒకతె రాసిన మాటలు చదివి ఆ పూట అన్నం తినలేదు. రానురాను పేర్లు చూడడం మానేసింది. ఆ తర్వాత చదవడమే మానేసింది. మోసమనో, వద్దనో ఒక్క మాట కంటబడితే చాలు, వేలు దాని పని అది చేసేస్తుంది. ఇంట్లోనూ అలాగే తయారైంది. మోకాలికి నూనె రాసుకుంటే బొబ్బలొచ్చాయని ఒకరోజు తల్లి చెబితే, "ఆయింట్‌మెంట్ రాయమ్మా" అంది తల తిప్పకుండా. ఏ నూనె అని అడగలేదు. అడిగి ఉంటే నాకు ఇంత చెప్పే పని ఉండేది కాదు.

ఇక సూసన్న సంగతి. మా చర్చిలో ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పే వేళ ఒకటుంది. లేచి నిలబడి, ముందు పేరు చెప్పి, ఆ తర్వాత తనకు జరిగింది జరిగినట్టు చెప్పాలి. చాలామంది ఉన్నదానికి ఉప్పూకారం కలుపుతారు. సూసన్న కలపదు. భర్త ఆర్థర్ పోయిన తర్వాతి ఆదివారం లేచి, "ఆయన తాగేవోడు. అయినా నాకు ఆయన కావాల" అని కూర్చుంది. లోకో షెడ్డులో ఆయనతో పనిచేసినవాళ్ళంతా తలలు వంచుకున్నారు. ఆ రోజు నుంచి ఆవిడ మాటంటే మా వాళ్ళకు రాతి మీద గీతే. ఆవిడకు ఆస్తిపాస్తులేం లేవు. తండ్రి ఉద్యోగమూ క్వార్టరూ కొడుకు జెఫ్రీ పేరు మీదికి వెళ్ళాయి. ఆవిడకంటూ ఉన్నది ఆ మాట ఒక్కటే.

జెఫ్రీ ఆమధ్య ఆవిడకొక ఫోన్ కొనిచ్చాడు. అందులో ఆవిడ ఫ్రెండ్స్ ఇద్దరే, కొడుకూ కూతురూ. ఆ ఫోన్లోనే మోకాళ్ళ నూనె ప్రకటన చూసి తెప్పించుకుంది, ఆ ప్రకటన కిందే రాసే చోటు కూడా చూసింది. నలుగురూ చదివే చోట నలుగురికీ పనికొచ్చేది చెప్పాలి కదా. అది కూడా సాక్ష్యం చెప్పే చోటే అనుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాసింది:

"దేవునికి స్తోత్రం. నా పేరు సూసన్న. ఖరగ్‌పూర్. ఈ నూనె నేను రాసుకున్నాను. మోకాలి మీద బొబ్బలు వచ్చినవి. నొప్పి తగ్గలేదు. అక్కలారా మీరు కొనవద్దు. ఇది నా సాక్ష్యము."

బుధవారం చర్చి స్త్రీల సమాజంలో ఎలీసమ్మ అదే నూనె మాట ఎత్తింది. ఎలీసమ్మ వెనక లైను క్వార్టర్లలో ఉంటుంది, ఆవిడ మోకాళ్ళు సూసన్న మోకాళ్ళకంటే అధ్వానం.

"కొనకు వదినా," అంది సూసన్న. "నాను దాని కిందనే సాక్ష్యం రాసినాను. సూసుకో."

ఎలీసమ్మ ఫోన్ తీసి పైకీ కిందికీ జరిపింది. "ఏదొదినా? అందరూ బాగుందనే రాసినారు."

సూసన్న తన ఫోన్ తీసి చూపించింది. అందులో ఉంది. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి అందరూ వంగి చూశారు. మరో ఇద్దరు తమ ఫోన్లలోనూ వెతికారు. సూసన్న ఫోన్లో తప్ప ఎక్కడా లేదు. పంపకుండానే పంపాననుకున్నారేమో అని పాస్టరమ్మగారు మెల్లగా అన్నారు. "వయసొదినా, నాకూ ఇలాగే అవతాది" అని ఎలీసమ్మ భుజం తట్టింది. ఒక్కరూ ఎగతాళి చేయలేదు. చేసి ఉంటే సూసన్న నలుగురికీ నాలుగు పెట్టి వచ్చేది. జాలిపడితే ఏం చేస్తుంది?

ఆ సాయంత్రం కూతురు చెప్పులు విప్పీ విప్పకముందే సూసన్న తన ఫోన్ చేతిలో పెట్టింది.

"ఒలే, నువ్వు ఇలాటి పనే సేత్తావు గదా. నా మాట ఆల్ల ఫోన్లలో ఎందుకు లేదు? నాకు బుర్రలో ఏటైనా తేడా వచ్చిందేటి? దాయకుండా సెప్పు."

ఆ నూనె ప్రకటన తమ ఆఫీసు చూసేదే. ఎవాంజలిన్‌కు చూడగానే తెలిసింది. "రేపు సూసి సెప్తాను" అంది.

మర్నాడు ఆఫీసులో, దాచినవాటిలో వెతికితే దొరికింది. దాచినవారి పేరు దగ్గర ఆమె పేరే ఉంది. అప్పుడు చదివింది, మొదటిసారి, మొదటి నుంచి చివరిదాకా. చీమ కుట్టినట్టయినా అనిపించలేదు. అనిపించనందుకు మాత్రం భయం వేసింది.

"శామ్, దీన్నొకదాన్ని మళ్ళీ పైకి వదిలేస్తే ఏటవుతుంది?"

శామ్ వంగి చూశాడు. "దీని కింద ఇంకో పది మంది వస్తారు. క్లయింట్ నన్నడుగుతాడు, నాను నిన్నడగాల. ఎవరు దీదీ, తెలిసినవోళ్ళా?"

"కాదు. ఎవరో ముసలామె."

"ఠీక్ హై, మరి అలాగే ఉండనీ" అని శామ్ తన కుర్చీలోకి వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చాక దాచలేదు. నీ బుర్ర బాగానే ఉందమ్మా, నువ్వు రాసినది నిజమే, దాన్ని ఎవరికీ కనపడకుండా చేసింది నేనే అని చెప్పింది. ఎలా చేస్తారో, ఎందుకు చేస్తారో కూడా చెప్పింది. సూసన్న మంచం మీద కూర్చుని అంతా విన్నది.

"నా పేరుంది గదే దాని మీద."

"పేరు సూడనమ్మా."

"సదవనైనా సదివినావా?"

"లేదు."

సూసన్న చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ మీదికి సర్దుకుని, "అన్నం తిను" అంది. ఎవాంజలిన్ తిన్నది. ఏడుపు వస్తే బాగుండుననుకుంది. రాలేదు.

ఆదివారం సాక్ష్యాల వేళ సూసన్న లేచింది. ఎవాంజలిన్‌కు గుండె దడ మొదలైంది. చాలా కాలానికి ఆ మాత్రం కదిలింది. ఇప్పుడు అమ్మ జరిగింది జరిగినట్టు చెబుతుంది, చర్చి మొత్తం తన వైపు తిరుగుతుంది. తిరగనీ అనుకుంది. తిరిగితే బాగుండుననే అనుకుంది.

"నా పేరు సూసన్న," అంది తల్లి. "బుధవారం నాడు నాను నూనె గురించి ఫోన్లో రాసినానని సెప్పినాను. రాయలేదు. రాసినాననుకున్నాను. వయసు గదా, బుర్ర పనిసెయ్యట్లేదు. నా కోసం పారదన సెయ్యండి."

కూర్చుంది. అలాంటి సాక్ష్యం ఆవిడ అంతకుముందు ఎన్నడూ చెప్పలేదు. పాస్టరుగారు ఆవిడ పేరు పెట్టి, జ్ఞాపకశక్తి దయచేయమని ప్రార్థన చేశారు. అందరూ ఆమెన్ అన్నారు.

ఆరాధన అయ్యాక వరండాలో ఎలీసమ్మ వచ్చి ఎవాంజలిన్ చెయ్యి పట్టుకుంది. అమ్మను జాగ్రత్తగా చూసుకోమంది, పెద్దాసుపత్రిలో ఒకసారి చూపించమంది. ఆపైన గొంతు తగ్గించి అడిగింది.

"నాను ఆ నూనె ఇయ్యాల తెప్పించుకుందారనుకుంతన్నాను గానీ, బొబ్బలొచ్చినాయని కూడా సెప్పింది గదే మీయమ్మ. అదైనా నిజమేనా, అదీ అలాగే అనుకుందా? నువ్వు సూసినావా, ఆ బొబ్బలు?"

తల్లి మోకాలు ఎలా ఉందో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. గుర్తు రావడానికి ఏమీ లేదు.

"సూడలేదాంటీ" అంది.

ఎలీసమ్మ పాపం అన్నట్టు తల ఊపి, సంచిలోంచి ఫోన్ తీస్తూ గేటు వైపు నడిచింది.