పుదీనా కుండీలో యురేనియం

గొప్పలు చెప్పుకుందామన్నా వినే నాథుడు దొరకని రోజులు కొన్ని ఉంటాయి. నాకవి తెలంగాణ రావడానికి కొన్నేళ్ల ముందు, నాచారంలో డాబా మీది ఒంటిగదిలో గడిచాయి. ఉప్పల్ దిక్కున ఓ ల్యాబులో చిన్న ఉద్యోగం. కలుషితమైన నేలలో యురేనియం లాంటి లోహాలను మట్టి ఎలా పట్టుకుంటుందో, ఎప్పుడు వదిలేస్తుందో చూడటం మా పని. చెరువు మట్టి తెచ్చి మా డాబా మీదే ట్రేల్లో ఎండబెట్టేవాణ్ణి (ల్యాబు డాబా మీద కోతుల రాజ్యం). ఎండినదాన్ని జల్లించి ల్యాబుకు పట్టుకెళ్లి, యురేనియం ఉప్పు కలిపిన నీళ్లతో సీసాల్లో పోసి, ఊపే యంత్రానికి తగిలించేవాణ్ణి. ఆపైన నీళ్లలో ఎంత మిగిలిందో కొలవడమే. మా సారు వారానికోసారి తొంగిచూసి "ఏమైంది?" అనేవారు. "ఊగుతోంది సార్" అనేవాణ్ణి. ఆ వారానికి మా సంభాషణ అంతే.

ఆదివారాలు మరీ ఘోరం. కింది వాటాలో ఇంటి ఓనరు ఆంటీ ఒక్కతే ఉండేది. భర్త పోయి చాలా కాలమైంది. చర్చి నుంచి రాగానే మటన్ కూర, పుదీనా పచ్చడి చేసి, మెట్ల దగ్గర నిలబడి "పిల్లగా, పళ్లెం పట్టుకపో" అని కేకేసేది. ఆ కేక కోసం పొద్దున్నుంచే తలుపు తెరిచిపెట్టుకుని కూర్చునేవాణ్ణి. కూర రుచి సంగతి అటుంచండి, వారం మొత్తంలో నన్నొకరు పిలిచేది అదొక్కసారే.

ఓ ఆదివారం ఖాళీ పళ్లెం తిరిగిస్తుంటే, "ఏం నౌకరి జేస్తవ్ బిడ్డా?" అందామె. అడగడమే ఆమె చేసిన పాపం! నిలబెట్టి దంచేశాను. మట్టిలోని సన్నటి బంక, ఇనుప తుప్పు యురేనియాన్ని ఎలా కరుచుకుంటాయో, పులుపు తగిలితే ఆ పట్టు ఎలా సడలిపోతుందో, అంతా. ఆమె మొహం తెల్లబోతుంటే నా తెలివికి అబ్బురపడుతోందనుకున్నాను. మరుసటి ఆదివారం కేక వినబడలేదు. ఆ పై ఆదివారమూ లేదు. తలుపు మాత్రం తెరిచే పెట్టుకున్నాను. ఏడుపొచ్చింది, నిజంగానే.

ఇంకో ఆదివారం నేను ట్రేల్లో మట్టి పరుస్తుంటే, బట్టలు ఆరేయడానికి వచ్చిన ఆంటీ బకెట్ కింద పడేసింది.

"ఓ దేవా! గీ మట్టి గా యురేనియం మట్టేనా? మంచిగుందని పుదీన కుండీల నింపిన గద పిల్లగా! గల్లీ మొత్తం పచ్చడి పంచిన!"

"ఇది ఉత్త మట్టి ఆంటీ. యురేనియం కలిపేది ల్యాబ్‌ల. అక్కడికి పోయిన మట్టి మళ్ల బయటికి రాదు."

"నాకేం ఎర్క? పులుపు తగుల్తె మట్టి ఇడిసిపెడ్తదని నువ్వే అంటివి. పచ్చడిల గింత చింతపండేసిన!"

ప్రపంచంలో నా పాఠం విన్నది ఒకే ఒక్కరు, ఆ ఒక్కరూ అక్షరం పొల్లుపోకుండా గుర్తుపెట్టుకున్నారు. భయంలోనూ కాస్త సంతోషమేసింది. ఇక గది ఖాళీ చేయమంటుందని ఎదురుచూస్తుంటే, "నడువ్ కిందికి" అంది.

తీసుకెళ్లి వేడన్నం, పచ్చడి ముందు పెట్టింది. "ముందు నువ్వు తిను. నీకేం గాకపోతె నేను తింట."

తిన్నాను. ఎదురుగా కూర్చుని కళ్లార్పకుండా నన్నే చూసింది (మా సారు నన్నంత శ్రద్ధగా ఎన్నడూ చూడలేదు). కాసేపటికి "ఉప్పు జర తక్కువైందా?" అంటూ తనూ కంచం పెట్టుకుంది.

అది మొదలు ప్రతి ఆదివారం కిందికి పిలుపే. "ముందు నువ్వు తిను" అనేది, తినేవాణ్ణి. ఆమె అనుమానం తీర్చాలని నేనూ తొందరపడలేదు. చాన్నాళ్లకు ఓసారి చూద్దును కదా, కుండీలో నర్సరీ ఎర్రమట్టి!

"మట్టి ఎప్పుడు మార్చిన్రు ఆంటీ?"

"గా దినమే పారబోసిన."

"మరి ఇంకా నన్ను ముందు తినమంటున్నరేంది?"

ఆమె నా కంచంలో ఇంకో గరిటె అన్నం వేసింది. "ఒక్కదాన్నే కూసుంటె ముద్ద దిగదు పిల్లగా. తిను."

ఇప్పుడు ఆంటీ లేదు. ఆదివారం పుదీనా పచ్చడి నేనే నూరుకుంటాను. కంచం ముందు కూర్చుని "ముందు నువ్వు తిను" అని నాకు నేనే చెప్పుకుని, నవ్వుకుని, తింటాను. ఉప్పు మాత్రం ఎప్పుడూ తక్కువే.